పైవాటా ఆవిడ

మధ్యాహ్నం ఆట చూసి వచ్చిన తోడికోడళ్లిద్దరూ తాళాల కొట్టు షట్టరు సగానికి ఎత్తి లోపల కూర్చున్నారు. ఎదురుగోడ నిండా ఆ సినిమా పోస్టరే.

“బాగాలేదని నేనన్నానా? నేననలేదే.”

“నువ్వనలేదక్కా. నీ మొహం అంటోంది.”

“నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే. అక్కడ కూర్చోకు, షట్టరు నెత్తిమీద పడుతుంది.”

“ఇన్నేళ్లుగా పడలేదు.”

“ఇన్నేళ్లుగా పడలేదంటే ఇవాళ పడొచ్చని అర్థం. ఇటు జరుగు.”

“జరిగాను. ఇప్పుడు చెప్పు. నీ కొడుకు కథ రాసి, బొమ్మలేసిన పుస్తకం సినిమా అయింది. హాలు నిండా జనం. చీకటి పడేలోపు వస్తానన్నాడు వాడు. వచ్చి ‘ఎలా ఉందమ్మా’ అంటే ఏం చెబుతావు?”

“పిన్నినడగరా అంటాను.”

“అదేం మాట అక్కా?”

“ఉన్నమాట. నాకేం తెలుసు సినిమాల సంగతి? తాళాలమ్ముకునేదాన్ని.”

“తెలియదంటూనే దారిపొడుగునా ఏకరువు పెట్టావు. ఆటో ఆయన కూడా విన్నాడు. ఇక ఆయన చూడడు ఆ సినిమా.”

“చూడకపోతే వాడి డబ్బులు వాడికి మిగులుతాయి. ముందు ఆ పేరేమిటి? అపశకునం. నోటితో అనడానికే జంకే మాటని తాటికాయంత అక్షరాలతో గోడలకెక్కించారు.”

“ఆ ముసుగువాడికి జనం పెట్టిన పేరది.”

“పెట్టరూ మరి. ముట్టుకుంటే చాలు, ఎదుటిమనిషికి రాబోయే కీడు కళ్లకి కడుతుందట. సరే, కట్టింది. నోటితో చెప్పొచ్చుగా?”

“చెబితే ఎవరు వింటారు? చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టాకే కదా ముసుగేసుకున్నాడు.”

“అందుకని కాలు విరగ్గొడతాడా? పరంజా ఎక్కకుండా మేస్త్రీ కాలు విరగ్గొట్టాడు. ప్రయాణాలు కట్టుకున్నవాళ్ల బస్సు చక్రాలు కోసేశాడు. ఒకళ్ల కొంపకి ఏకంగా నిప్పు పెట్టాడు.”

“ఖాళీ కొంపక్కా. మర్నాడు గోడ కూలి పిల్లలు పోతారని.”

“వాడు మంచివాడా, చెడ్డవాడా? చివరికైనా తేల్చారా? అన్నేసి డబ్బులు పోసి హాల్లో కూర్చున్నాక ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియొద్దూ?”

“నాకు నచ్చిందే అది. చేసేవన్నీ చెడ్డపనులు, ఏడుపు మాత్రం మంచివాడి ఏడుపు. కాలు విరిగిన మేస్త్రీ గుమ్మంలో పళ్లసంచీ పెట్టి పరిగెడతాడు చూడు, నాకు కళ్లనీళ్లు ఆగలేదు.”

“నీకు దేనికి ఆగాయి గనక? సబ్బు ప్రకటనప్పుడు కూడా ఏడ్చావు.”

“పాపం, ఆ పాప చొక్కా పాడైపోయింది.”

“అదీ వరస. ఇంకోటి విను. ఏడు లివర్ల తాళాన్ని తలపిన్నుతో తీశాడు ఆ మహానుభావుడు. ఏడు లివర్లు, తలపిన్ను. అది రాసినవాడు పుట్టి పెరిగింది తాళాల కొట్లో. రేపట్నుంచి వచ్చిన ప్రతివాడూ ‘తలపిన్నుకి లొంగని తాళం ఉందామ్మా’ అనడుగుతాడు.”

“అమ్ముకో మరి. గిరాకీ కాళ్లదగ్గరికి వస్తుంటే ఏడుస్తావేం?”

“తాళాలమ్మి నేను పెంచితే, తాళాలు విరగ్గొట్టేవాణ్ణి హీరోని చేశాడు. దాన్నేమంటారు?”

“సినిమా అంటారు.”

“వెటకారమా?”

“లేదులే. ఒక్కటి మాత్రం నీతో ఒప్పుకుంటాను. ఆ మేడలు కట్టించే ఆసామి, విలను. వాడు నాకూ ఎక్కలేదు. ఊరికే నవ్వుతాడు.”

“ఎందుకు నవ్వుతున్నాడో వాడికే తెలియదు. పక్కన ఉన్నవాళ్లయినా చెప్పొద్దూ.”

“కొట్లాటలు కూడా కాస్త ఎక్కువే.”

“కాస్తా? ఆ చీకట్లో ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలియక నేను ఇద్దరి తరఫునా భయపడి చచ్చాను.”

“అమ్మయ్య, ఒకచోట కలిశాం. ఇక ఆ పైవాటా ఆవిడ…”

“ఆవిడ సంగతి ఎత్తకు.”

“ఎందుకెత్తకూడదు? సినిమా మొత్తానికి కాస్త వెచ్చగా ఉన్నది ఆవిడ ఇల్లే.”

“వెచ్చగా ఉండదూ మరి. కళ్లజోడుకి తాడు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం. పిల్లాడు మెట్లెక్కి వస్తే రొట్టెమీద పంచదార చల్లి పెట్టడం. పైగా ‘బుడ్డోడా’ అని పిలుపు. ఇంకా ఏం మిగిల్చాడు? నీ ఇంటి నంబరొక్కటే వెయ్యలేదు.”

“కళ్లజోడుకి తాడు చాలామందికి ఉంటుందక్కా.”

“బుడ్డోడా అని చాలామంది పిలుస్తారా? బారసాలనాడు నేను పెట్టిన పేరు ఒకటి ఉంది వాడికి. ఎవడికి గుర్తుంది? వాడికే లేదు.”

“నువ్వే ‘వాడు, వీడు’ అంటావు.”

“నేను తల్లిని, ఏమైనా అంటాను. ఆ పంచదార రొట్టెలు నువ్వు పెట్టావు. పళ్లు పుచ్చితే దవాఖానా బెంచీ మీద వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను. సినిమాలో రొట్టె ఉంది. బెంచీ ఏదీ?”

“అక్కా…”

“బెంచీ ఏదీ అంటున్నాను.”

“బెంచీ తీస్తే జనం చూస్తారా?”

“చూడరు. పంచదారైతే చూస్తారు. హాలు బయట ఎవరో ఒకావిడ అంది, ‘ఆ పైవాటా ఆవిడ బంగారమండీ’ అని. నువ్వు తలదించుకుని మురిసిపోయావు. నేను చూశాను.”

“కళ్లజోడు తుడుచుకున్నాను.”

“మురిసిపోతూ తుడుచుకున్నావు.”

“నీకెలా చెప్పనక్కా. సరే, మురిశాననుకో.”

“అనుకునేదేముంది. ఇంకోటి గమనించావా? ఆ ముసుగువాడికి అమ్మ లేదు.”

“ఎందుకుండాలి?”

“ఎవడికైనా ఉంటుంది. దొంగవెధవకీ ఉంటుంది. కథంతా వెతికాను, ఎక్కడైనా ఒక్క మాట, గోడమీద ఒక్క ఫొటో. లేదు. పైవాటాలో పిన్నిలాంటి ఆవిడ ఉంది, అమ్మ లేదు. నేను చచ్చిపోయానా?”

“పొద్దుగూకే వేళ అవేం మాటలు?”

“కీడెంచి మేలెంచమన్నారు.”

“నీకు కీడెంచేసరికే పొద్దుపోతుంది. మేలు ఎంచేదెప్పుడు?”

“అమ్మగారూ, టీ తెచ్చాను. ఒకటి పంచదార లేకుండా.”

“అక్కడ పెట్టు బాబూ. అంచుకి వద్దు, ఒలుకుతుంది. ఇంకా లోపలికి.”

“బాబు సినిమా చూశారటగా? మా టీ కొట్టు దగ్గర ఒకటే ఆ ముచ్చట. పోస్టరులో గొడుగు గురించి పందేలు కూడా కాశారు.”

“ఇదిగో నాయనా, వెళ్లబోయేముందు. ఇందాక మా అక్క హాల్లోంచి నీకు ఫోను చేసింది కదూ, షట్టరు తాళం ఉందో లేదో చూడమని?”

“నాకా? లేదండీ. ఇవాళ చెయ్యలేదే. రోజూ చేస్తారు, ఇవాళ చెయ్యలేదని నేనే ఆశ్చర్యపోయాను.”

“సరే, వెళ్లు బాబూ. గ్లాసులు తర్వాత పంపిస్తాను. బయట గుంట ఉంది, చూసి నడువు.”

“విన్నావా అక్కా?”

“ఏం వినాలి? టీ చల్లారుతుంది, తాగు.”

“సినిమా మధ్యలో లేచావు. షట్టరు తాళం వేశానో లేదో, టీ కొట్టాయనకి ఫోను చేసొస్తానన్నావు. చాలాసేపటికిగానీ రాలేదు.”

“సిగ్నలు దొరకలేదు.”

“హాలు బయట ఏం చేశావు?”

“గోడలు చూశాను. మంటలు లేస్తే బయటపడే దారి ఎటో చూసుకున్నాను. ఎవరో ఒకరు చూసుకోవాలిగా.”

“గదిలో పిల్లాణ్ణి పెట్టి తాళం వేసే సీను మొదలవగానే లేచావు.”

“మొదలైందా? నేను గమనించలేదే.”

“అక్కా.”

“గమనించలేదన్నాగా. ఇంతకీ ఆ గొడుగేమిటి? పోస్టరులో గట్టుమీద ముసుగేసుకుని, నల్లగొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వానా లేదు, ఏమీ లేదు. సినిమా అంతా చూశాను, ఆ గొడుగే రాలేదు. రానిదాన్ని గోడకెందుకెక్కించినట్టు?”

“వచ్చింది.”

“ఎప్పుడు?”

“నువ్వు గోడలు చూస్తున్నప్పుడు.”

“ఓహో.”

“ఒక ఊస విరిగి వేలాడుతుంటుంది, చూడు. మన మేకుకి తగిలించిందీ అలాగే ఉందే.”

“నల్లగొడుగులన్నీ ఒకలాగే ఉంటాయి. విరిగితే అన్నీ ఒకలాగే విరుగుతాయి. నువ్వు మాట మార్చకు.”

“నేనా మార్చింది?”

“పోయిన వానాకాలంలో నెల్లాళ్లు మీ మెట్లెక్కాడు వాడు. ఈ కొట్టు ముందునుంచే. ‘అమ్మా, పైకెళ్లొస్తా’ అని ఒక మాట పడేసి. ఎక్కి తలుపేసుకునేవారు ఇద్దరూ. నేనిక్కడ తాళాలకి నూనె పెట్టుకుంటూ, పైన కుర్చీ జరిగిన చప్పుడు వినేదాన్ని. నువ్వు నవ్వేదానివి. వాడూ నవ్వేవాడు. నా దగ్గర వాడు అలా నవ్వగా విన్నదెప్పుడు?”

“గాలికి తలుపు కొట్టుకుంటుందని వేశాం.”

“ఏం మాట్లాడుకున్నారు?”

“ఏవో.”

“ఏవో అంటే?”

“ఏవో పాత సంగతులు. సినిమాకి కథ పెంచమన్నారట, పుస్తకం చాలదన్నారట. అడిగాడు, చెప్పాను.”

“నామీద చాడీలా?”

“పెద్దమాటలొద్దక్కా. నిజం చెప్పనా? నా కాఫీ తాగి, నా కుర్చీలో కూర్చుని, నెల్లాళ్లూ నీ కబుర్లే అడిగాడు. అమ్మ తలుపేశాక ఎన్నిసార్లు లాగి చూస్తుంది, అమ్మ నిద్రలో ఏం గొణుగుతుంది, నాన్న, అదే మా బావగారు, పోకముందు కూడా అమ్మ ఇలాగే ఉండేదా. నేనూ మనిషినే. ఒకరోజు ఉండబట్టలేక, ‘నా గురించి ఒక్కటైనా అడగవేంరా’ అన్నాను.”

“ఏమన్నాడు?”

“‘నీ గురించి నాకు తెలుసుగా పిన్నీ’ అన్నాడు. ముల్లులా గుచ్చుకుంది. ఇంకా అలాగే ఉంది.”

“నీకేం, గుచ్చుకోవడానికైనా ఒకటుంది. వాడెందుకడిగాడో నాకు తెలియదనుకున్నావా? ఆ ముసుగువాడు నేనే.”

“ఎవరన్నారక్కా?”

“ఎవరనాలి? నేనేం గుడ్డిదాన్నా? కొంపకి నిప్పుపెట్టి, సగం వీధి దాటాక మళ్లీ వెనక్కొచ్చి, గొళ్లెం వేశానా లేదా అని చూసుకుంటాడు. మండుతున్న కొంపకి గొళ్లెం. హాలంతా నవ్వారు. నీ పక్కన కూర్చుని నేను నవ్వలేకపోయాను.”

“నేనూ నవ్వలేదు.”

“నవ్వావు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు.”

“అలవాటక్కా.”

“నేను ముసుగుదాన్ని. నువ్వు పైవాటా బంగారానివి. వాడి బడిపిల్లలు పడవ షికారుకెళ్లిన రోజు గుర్తుందా? ముందురోజంతా గాలి. ఏరు నిండుగా ఉందని ఎవరో అన్నారు. పొద్దున్నే వాణ్ణి ఇదిగో, ఈ వెనకగదిలో పెట్టి, కొట్లో ఉన్న అన్నింటిలోకీ పెద్ద తాళం వేశాను. వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ ఆ తలుపులో ఉంది. పుస్తకంలో అది వేశాడు వాడు. చిన్న చిన్న అక్షరాలైనా కూడబలుక్కుని చదివాను. తాళం వేసేది ముసుగువాడు, తీసేది పైవాటా ఆవిడ.”

“అందుకే లేచి వెళ్లావు.”

“ఒకసారి బొమ్మల్లో చూశాను, చాలు. అంత పెద్ద తెరమీద, అంతమంది మధ్య, నువ్వు తలుపు తీస్తుంటే జనం చప్పట్లు కొట్టడం కూడా చూడాలా?”

“అక్కా, నెమ్మది.”

“నెమ్మదిగానే ఉన్నాను. రేపు సినిమావాళ్ల సభ ఉందట. ఒక్కొక్కరూ ఇంట్లోవాళ్లని ఒకర్ని వేదికమీదికి తీసుకురమ్మన్నారట. దానికోసమే వస్తున్నాడు వాడు. వచ్చి నీళ్లు నమలుతాడు. వాడికా కష్టం ఎందుకు? నేను రానని ముందే చెప్పేస్తాను. నడుం నొప్పంటాను. పిన్నిని తీసుకెళ్లరా అంటాను.”

“ఆ మాట అన్నావంటే వాడి ప్రాణం ఉసూరుమంటుంది.”

“నా ప్రాణం సంగతో? తాళం తీసింది నువ్వే, నేను కాదనను. కానీ ఆ తాళంచెవి నీ చేతిలో పెట్టిందెవరు?”

“నువ్వే.”

“గట్టిగా చెప్పు.”

“నువ్వే అక్కా. మెట్లెక్కి వచ్చి నా చేతిలో పెట్టావు.”

“ఏమని పెట్టాను?”

“‘నేను తెరవలేను, నువ్వెళ్లి తెరువు’ అని.”

“ఇంకా?”

“నువ్వే తీసినట్టు చెప్పమన్నావు. నేనిచ్చానని వాడికి తెలియకూడదని ఒట్టేయించుకున్నావు. అమ్మ మెత్తబడిందని తెలిస్తే ఇక దేనికీ జడవడన్నావు.”

“అన్నాను. నేనే అన్నాను. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారైనా వాడికి తోచొద్దూ? తాళాల కొట్లో పెద్ద తాళం వేస్తే, దాని చెవి పిన్ని చేతికి ఎక్కడిది, ఎలా వచ్చింది అని తోచొద్దూ? అంత తెలివైనవాడికి?”

“ఆ రోజు నువ్వు కొట్టు మూసేసి సరుకుకి వెళ్లావు, కదూ?”

“ఇప్పుడదెందుకు?”

“ఊరికే అడుగుతున్నాను.”

“సరుకుకే. పొద్దున్నే బయల్దేరాను.”

“సాయంత్రం వచ్చావు. చెప్పులనిండా బురద. సరుకూ లేదు, సంచీ లేదు.”

“దొరకలేదు. వెళ్లిన ప్రతిసారీ దొరుకుతుందా ఏమిటి?”

“సరుకుకేగా?”

“సరుకుకే అన్నానుగా. ఎన్నిసార్లడుగుతావు?”

“సరే.”

“… ఇంతకీ సినిమాలో ఆ పిల్లాడు ఏమయ్యాడు?”

“ఏ పిల్లాడు?”

“ఆ గదిలో పిల్లాడు. నేను లేచి వెళ్లానుగా. వాణ్ణి ముట్టుకున్నప్పుడు ముసుగువాడికి నీళ్లు కనబడ్డాయి, అంతవరకూ చూశాను. తర్వాత పడవెక్కాడా? మునిగాడా? తిరిగొచ్చి సీట్లో కూర్చున్నానన్న మాటేగాని, కథ నా తలకెక్కలేదు.”

“అక్కడ ఎవర్నైనా అడగాల్సింది.”

“ఎవర్నడగను? నిన్నడగడానికి నాకు నోరు రాలేదు.”

“ఏమవుతాడక్కా. వాడికి జలుబు చేసింది.”

“జలుబా?”

“జలుబే. మొదటిసారి ముసుగువాడి లెక్క తప్పింది. ఇక్కడ మనవాడికీ అంతేగా అయింది. వారం రోజులు ముక్కు చీదాడు.”

“నాకూ అంటింది ఆ జలుబు.”

“నీకు వాడికంటే ముందే వచ్చింది.”

“…టీ చల్లారిపోయింది.”

“అక్కా, ఇలా చూడు. సినిమాలో ఆ సీను పుస్తకంలోలాగ లేదు.”

“అంటే?”

“పుస్తకంలో పైవాటా ఆవిడ తనంతట తనే వచ్చి తీస్తుంది. సినిమాలో మార్చాడు. తాళం వేసిన ముసుగువాడే మెట్లెక్కి ఆవిడ గుమ్మంలోకి వస్తాడు. తాళంచెవి ఆవిడ చేతిలో పెడతాడు. మొట్టమొదటిసారి ముసుగు తీస్తాడు. ‘నేను తెరవలేను, నువ్వెళ్లి తెరువు’ అంటాడు.”

“ఏమన్నావు?”

“ఆ మాటే. ఒక్క అక్షరం మారలేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది ఆ మాటకక్కా, ఆవిడకి కాదు. బయటికొచ్చి నేను కళ్లజోడు తుడుచుకున్నది మురిపెంతో కాదు. ఇన్నేళ్లూ నా బుడ్డోడికి తలుపు తెరిచినదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఒక్కటీ చేజారిపోయింది.”

“చెప్పేశావా? నా నెత్తిమీద ఒట్టు వేసి, చెప్పేశావా?”

“చెప్పాను.”

“ఇన్నేళ్లు దాచినదానివి ఇప్పుడెందుకు చెప్పావు?”

“చెప్పకూడదనే అనుకున్నాను. వాడు అడిగినదానికి నా దగ్గర వేరే జవాబు లేకపోయింది.”

“తాళంచెవి ఎక్కడిదని అడిగాడా?”

“కాదు.”

“మరేమడిగాడు?”

“అదిగో, సందు మొదట్లో బండి చప్పుడు. వాడిదేనేమో.”

“వాడు రానీ. బండాపి, తాళం వేసి రావడానికి వాడికి కాస్త పడుతుంది, నేనే నేర్పాను. ఏమడిగాడో ముందు చెప్పు.”

“మొదటిరోజే, ఇంకా కూర్చోకుండానే అడిగాడక్కా: ‘పడవలో ఉన్నంతసేపూ చూశాను పిన్నీ. నన్ను లోపల పెట్టి తాళం వేసిన అమ్మ, ఆ విరిగిన గొడుగు పట్టుకుని సాయంత్రందాకా ఆ గట్టుమీద ఎందుకు నిలబడింది?’ అని.”